పిల్లల చేతికి మొదటి టెలిస్కోప్: కొనే ముందు చూడాల్సినవి

పిల్లల కోసం కొన్న టెలిస్కోపులు చాలావరకు నెల తిరక్కుండానే అటకెక్కుతాయి. పిల్లలకు ఆసక్తి పోయిందని పెద్దవాళ్లు సరిపెట్టుకుంటారు. అసలు జరిగేది వేరు. ముట్టుకుంటే చాలు గొట్టం ఊగుతుంది, చందమామ కంట్లో పడీపడకముందే జారిపోతుంది, ఫోకస్ తిప్పితే మళ్లీ మాయం. అరగంట అవస్థపడ్డాక ఏ పిల్లలైనా లోపలికి పోయి బొమ్మలేసుకుంటారు.

అందుకే ఒక్క పరీక్ష పెట్టుకోండి. తొమ్మిదీ పదేళ్ల పిల్ల ఎవరి సాయం లేకుండా రెండు నిమిషాల్లో చందమామను పట్టుకుని, ఫోకస్ చేసి, గుంటలు కనిపిస్తున్నాయని చెప్పగలగాలి. ఇది నెగ్గని టెలిస్కోప్ ఎంత పెద్దదైనా, ఎంత ఖరీదైనా పిల్లలకు పనికిరాదు. అద్దం సైజు, ఐపీసులు (కన్ను ఆనించి చూసే చిన్న లెన్సులు), మోటార్లు అన్నీ దీని తర్వాతే.

డబ్బా మీది 525

దుకాణాల్లో తరచూ కనిపించే ఒక రకం డబ్బా మీద '525 ఎక్స్' అని పెద్దక్షరాల్లో ఉంటుంది. గొట్టం మీద ఎక్కడో చిన్న అక్షరాల్లో '76700' అనో, 'డి=76, ఎఫ్=700' అనో రాసుంటుంది. పనికొచ్చే సమాచారం ఈ చిన్న అక్షరాల్లోనే ఉంది. డి అంటే వెలుగును పోగుచేసే అద్దం లేదా లెన్స్ వ్యాసం, మిల్లీమీటర్లలో. దాన్నే అపెర్చర్ అంటారు. ఎఫ్ అంటే ఫోకల్ లెంత్, స్కూలు పుస్తకాల్లో చదువుకున్న నాభ్యంతరం. కొందరు తయారీదారులు ఈ రెంటినీ తిరగేసి రాస్తారు: '36050' అంటే ఫోకల్ లెంత్ 360, లెన్స్ 50. ఏది ఏదో తేలకపోతే చిన్న అంకెను వ్యాసం అనుకోండి, సరిపోతుంది.

ఇక 525 ఎక్కడిది? టెలిస్కోప్ ఫోకల్ లెంత్‌ను ఐపీస్ ఫోకల్ లెంత్‌తో భాగిస్తే ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందో వస్తుంది. 700ని 20 మి.మీ. ఐపీస్‌తో భాగిస్తే 35 రెట్లు. డబ్బాలో 4 మి.మీ. ఐపీస్ కూడా ఉంటుంది, దాంతో 175. దానికి 3 రెట్ల ప్లాస్టిక్ బార్లో లెన్స్, అంటే ఐపీస్ రెట్లను మూడింతలు చేసే జోడింపు లెన్స్, తగిలిస్తే 525. లెక్కలో తప్పేం లేదు. కాకపోతే ఆ స్థితిలో ఐపీస్ నుంచి కంట్లోకి వచ్చే కాంతి పుంజం మందం 76ను 525తో భాగించినంత, అంటే 0.14 మి.మీ. రెండు వెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత. అంత సన్నటి వెలుగులో చందమామ బూడిదరంగు ముద్దలా కనిపిస్తుంది, అదీ కనబడితే. '675 ఎక్స్' అని రాసినవాటి రహస్యమూ ఇదే: 900ని 4తో భాగించి 3తో గుణించారు.

వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని రెండుతో గుణిస్తే పనికొచ్చే పైహద్దు వస్తుంది. 76కి 152, 60కి 120. అదీ గాలి నిలకడగా ఉన్న రాత్రే. పిల్లలు మామూలుగా వాడేది 25 నుంచి 80 రెట్ల మధ్య. 1610 జనవరిలో గెలీలియో గురుడి చంద్రుళ్లను చూసిన పరికరం సుమారు 20 రెట్లదే. రెట్ల సంఖ్యను గొప్పగా చాటుకునే డబ్బాను అక్కడే వదిలేసి వచ్చేయండి.

ముందు కాళ్లు చూడండి

కొనేవాళ్లందరూ గొట్టం చూస్తారు. పిల్లలను ఏడిపించేది గొట్టం కాదు, స్టాండ్. 70 రెట్లు పెద్దగా చూపిస్తున్నప్పుడు చేతి వణుకూ 70 రెట్లు కనిపిస్తుంది. దుకాణంలో చూసే వీలుంటే గొట్టం చివర వేలితో మెల్లగా తట్టి, ఐపీస్‌లోంచి దూరంగా ఉన్న దేన్నైనా చూడండి. కదలిక రెండు మూడు సెకన్లలో ఆగిపోతే మంచి స్టాండ్. ఐదు సెకన్లు దాటినా ఊగుతుంటే పిల్లలు ఫోకస్ చేయలేరు, ఎందుకంటే ఫోకస్ చక్రం ముట్టుకున్న ప్రతిసారీ ఊపు మళ్లీ మొదలవుతుంది.

సన్నటి అల్యూమినియం కాళ్ల స్టాండ్ ఇప్పటికే ఇంట్లో ఉంటే దాన్ని కొంతవరకు దారికి తేవచ్చు. కాళ్లను అసలు సాగదీయకండి. పిల్లలు కుర్చీలో కూర్చుని చూస్తే ఆ ఎత్తే చాలు. మధ్యలో ఉండే ట్రేకు రెండు లీటర్ల నీళ్ల సీసాను సంచిలో పెట్టి వేలాడదీయండి, సంచి అడుగు నేలకు ఆనీ ఆననట్టు ఉండాలి, లేకపోతే అదే లోలకంలా ఊగుతుంది. మరలన్నీ బిగించండి. సగం వణుకు తగ్గుతుంది.

స్టాండ్ మీద గొట్టాన్ని తిప్పే తీరు కూడా ముఖ్యమే. పైకీ కిందికీ, కుడికీ ఎడమకూ తిరిగేదాన్ని ఆల్ట్-అజిమత్ అంటారు. పిల్లల చేతికి అది సహజంగా ఒదుగుతుంది. ఈక్వెటోరియల్ అనే రెండో రకంలో ఒక ఇరుసును ధ్రువనక్షత్రం వైపు ఒరగబెట్టాలి, బరువులు వేలాడదీసి సరిచూడాలి. అది చూడ్డానికి మహా శాస్త్రీయంగా ఉంటుంది, అందుకే పెద్దవాళ్లు దానికి పడిపోతారు. పిల్లలు మాత్రం గొట్టాన్ని ఒకవైపు తోస్తే అది వంకరగా మరోవైపు పోతుంది, ఐపీస్ వచ్చి గొట్టం కింద ఎక్కడో తేలుతుంది. పన్నెండేళ్లలోపు వాళ్లకు ఇది వద్దు.

మా ఓటు డాబ్సోనియన్‌కు. అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో జాన్ డాబ్సన్ అనే ఆయన 1960లలో ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో స్టాండంటూ ఉండదు, గుండ్రటి పీట మీద తిరిగే ఒక పెట్టె, అందులో పైకీ కిందికీ వాలే గొట్టం. తోస్తే కదులుతుంది, వదిలేస్తే అక్కడే నిలుస్తుంది. బిగించే మరలు, తిప్పే తాళ్లు ఉండవు. వీటిలో బల్ల మీద పెట్టుకునే చిన్న రకం పిల్లలకు సరిగ్గా సరిపోతుంది. ఒక్కటే షరతు, కింద పెట్టే బల్ల గట్టిదై ఉండాలి. ప్లాస్టిక్ స్టూలు మీద పెడితే డబ్బులు పోసి కొన్న నిలకడంతా పోయినట్టే. మూడు కాళ్ల చెక్క స్టూలు, సిమెంటు అరుగు బాగుంటాయి. పిట్టగోడ మీద మాత్రం పెట్టకండి, చీకట్లో పిల్లల మోచెయ్యి తగలడానికి ఒక్క క్షణం చాలు.

ఏ సైజు, ఏ రకం

వెలుగు వ్యాసాన్ని బట్టి కాదు, వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది. 50 మి.మీ. లెన్స్‌కూ 70 మి.మీ. లెన్స్‌కూ తేడా పైకి 20 మి.మీ.లే అయినా పోగయ్యే వెలుగు దాదాపు రెట్టింపు. 70 నుంచి 114కు వెళ్తే మరో 2.6 రెట్లు. 50 మి.మీ. వాటితో చందమామ తప్ప మరేదీ తృప్తిగా కనిపించదు. 70ని కనిష్ఠంగా పెట్టుకోండి.

రిఫ్రాక్టర్ అనే లెన్స్ రకంలో 70 మి.మీ. వ్యాసం, 700 మి.మీ. ఫోకల్ లెంత్ ఉన్నది మొరాయించదు. అద్దాలు సరిచేసే పని లేదు, దుమ్ము లోపలికి పోదు, పగలు చెట్లమీది పిట్టలనూ చూడొచ్చు. ఫోకల్ లెంత్‌ను వ్యాసంతో భాగిస్తే 10 వస్తుంది, దీన్ని ఎఫ్/10 అంటారు. ఈ అంకె 5 దగ్గరికి దిగిన చవక లెన్సుల్లో చందమామ అంచు చుట్టూ ఊదారంగు గీత కనిపిస్తుంది. 900 మి.మీ. గొట్టం లోపల కనిపించే బొమ్మ పరంగా ఇంకా మంచిదే, కానీ మీటరు పొడవు గొట్టాన్ని చిన్న స్టాండ్ ఆపలేదు.

అద్దం రకంలో, అంటే న్యూటోనియన్‌లో, బల్ల మీద పెట్టే 114 లేదా 130 మి.మీ. డాబ్సోనియన్ దొరికితే ఇక వెతకడం ఆపేయండి. 130 మి.మీ. అద్దం, 650 మి.మీ. ఫోకల్ లెంత్ ఉన్నది పిల్లలు పెద్దయ్యాక కూడా పక్కన పడెయ్యరు. అడగాల్సిన మాట ఒకటుంది: అద్దం పారాబొలిక్ (పరావలయాకారపు) రకమా? ఎఫ్/5 దగ్గర గోళాకారపు అద్దం వెలుగును ఒకేచోట చేర్చలేదు, రెట్లు పెంచేకొద్దీ బొమ్మ మెత్తబడిపోతుంది. ఎఫ్/8, ఎఫ్/9 దగ్గర గోళాకారమైనా ఇబ్బంది ఉండదు. చిట్టి 76 మి.మీ., 300 మి.మీ. బల్ల టెలిస్కోప్ ఆరేడేళ్ల వాళ్లకు ముద్దుగానే ఉంటుంది, 15, 20 రెట్లకు నక్షత్రాల గుంపులు హాయిగా చూపిస్తుంది. 50 రెట్లు దాటితే శని గ్రహం నూనె మరకలా కనిపించి నిరాశ మిగులుతుంది.

ఒక మోసకారి రకం ఉంది, జాగ్రత్త. గొట్టం పొడవు చూస్తే అర మీటరే, దాని మీద మాత్రం ఫోకల్ లెంత్ 1000 అని ఉంటుంది. వ్యాసం 114 లేదా 127. న్యూటోనియన్‌లో గొట్టం ఇంచుమించు ఫోకల్ లెంత్ అంత పొడవుండాలి కదా, మిగతా సగం ఎక్కడికి పోయింది? ఫోకస్ చేసే గొట్టంలో ఒక చిన్న లెన్స్ బిగించి సాగదీశారు. దీన్ని బర్డ్-జోన్స్ పద్ధతి అంటారు. పద్ధతి చెడ్డది కాదు గానీ చవకగా చేసినప్పుడు అద్దం, లెన్స్ ఒక వరసలోకి రావడం గగనం. బొమ్మ ఎప్పటికీ తేటపడదు. గొట్టాన్ని టేపుతో కొలిస్తే తెలిసిపోతుంది.

ఆరు, ఎనిమిది అంగుళాల పెద్ద డాబ్సోనియన్లు చూసి మనసు లాగుతుంది. ఎనిమిది అంగుళాలది దాదాపు 20 కిలోలు. పెద్దవాళ్లు మోసుకొచ్చి పెడితే తప్ప పిల్లలు బయటికి తీయలేరు, పెద్దవాళ్లకు ఎప్పుడూ రేపే తీరిక. వస్తువులను తనే వెతికే కంప్యూటర్ టెలిస్కోప్ గురించి కూడా అడుగుతుంటారు. దానిలో మీ డబ్బు అద్దానికి కాక మోటారుకు పోతుంది. పైగా ముందు రెండు మూడు నక్షత్రాలు చూపించి దానికి దిక్కు నేర్పాలి, బ్యాటరీ అయిపోతే మళ్లీ మొదటికి.

ఐదేళ్లలోపు వాళ్లకు టెలిస్కోపే వద్దు. 7x35 (7 రెట్లు, 35 మి.మీ. లెన్స్) లేదా 8x42 బైనాక్యులర్ ఇవ్వండి. 10x50 ఆకాశానికి ఇంకా బాగుంటుంది, బరువుకు మాత్రం పిల్లల చేతులు నిలవవు.

ఐపీసులు, ఫైండర్, పారేయాల్సినవి

ఐపీస్ దూర్చే గొట్టం 1.25 అంగుళాలది, అంటే 31.7 మి.మీ., అయ్యుండాలి. 24.5 మి.మీ. పాత కొలత అయితే కొనొద్దు, తర్వాత మంచి ఐపీస్ కొందామన్నా అందులో ఇమడదు. ఐపీస్ మీద హెచ్ లేదా ఎస్ఆర్ అని ఉంటే అవి పాత కాలపు రెండు లెన్సుల చవక రకాలు, సందులోంచి చూసినట్టుంటుంది. కె లేదా కెల్నర్ పర్వాలేదు. ప్లోసెల్ అయితే మంచిది. 25 మి.మీ. ఒకటి, 10 మి.మీ. ఒకటి ఉంటే ఏడాదంతా గడిచిపోతుంది. డబ్బాలో వచ్చిన 4 మి.మీ. ఐపీస్‌ను, ప్లాస్టిక్ బార్లోను పిల్లలకు కనబడకుండా దాచేయండి. లేకపోతే రెట్లు ఎక్కువ అనే ఆశకు మొదటి రాత్రి దాన్నే పెడతారు, ఏమీ కనబడదు.

కళ్లజోడు ఉన్న పిల్లల సంగతి. దగ్గరచూపు, దూరచూపు లోపం మాత్రమే అయితే కళ్లజోడు తీసేసి చూడమనండి, ఫోకస్ చక్రమే దాన్ని సరిచేస్తుంది. అస్టిగ్మాటిజం (సిలిండర్ పవర్) ఎక్కువగా ఉంటే కళ్లజోడుతోనే చూడాలి, అప్పుడు ఐపీస్‌కూ కంటికీ మధ్య జాగా కావాలి. ప్లోసెల్‌లో ఆ జాగా దాని ఫోకల్ లెంత్‌లో సుమారు 0.7 వంతు: 25 మి.మీ.కు 17 మి.మీ. పైచిలుకు, 10 మి.మీ.కు 7 మాత్రమే. 7లో కళ్లజోడు పట్టదు.

పెద్ద గొట్టం పక్కన ఉండే చిన్న గురి గొట్టం ఫైండర్. 5x24 ప్లాస్టిక్ ఫైండర్లలో చాలావాటికి లోపల ఒక బిళ్ల అడ్డుపెట్టి 10 మి.మీ. మాత్రమే తెరిచి ఉంచుతారు, చందమామ కంటే మసకైనదేదీ అందులో కనబడదు. ఎర్రచుక్క ఫైండర్ ఉన్నది ఎంచుకోండి. గాజు పలక మీద ఎర్రటి చుక్క తేలుతుంది, ఆ చుక్కను ఆకాశంలో కావలసినచోట పెడితే చాలు. కొత్తదానిలో బ్యాటరీ దగ్గర సన్నటి ప్లాస్టిక్ పట్టీ అడ్డంగా ఉంటుంది, లాగేయాలి. అది తీయక 'పాడైపోయింది' అని తిరిగి పంపేవాళ్లు ఉన్నారు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. డబ్బాలో ఐపీస్‌కు బిగించే నల్లటి లేదా ముదురాకుపచ్చ 'సన్' ఫిల్టర్ ఉంటే సుత్తితో పగలగొట్టి చెత్తబుట్టలో వేయండి. గొట్టం పోగుచేసిన ఎండంతా ఆ చిన్న గాజు మీదే పడుతుంది, అది వేడెక్కి పగులుతుంది. అప్పటికి పిల్లల కన్ను దాని వెనకే ఉంటుంది. చూపు పోతే తిరిగి రాదు, నొప్పి కూడా తెలియదు. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందుభాగాన్ని పూర్తిగా కప్పే సోలార్ ఫిల్టర్ కావాలి, ఫైండర్‌ను కూడా మూసేయాలి, పక్కన పెద్దవాళ్లు కదలకుండా నిలబడాలి. ఇవన్నీ కుదరకపోతే పగలు గొట్టాన్ని సూర్యుడి వైపు తిప్పనే తిప్పకండి, వాడనప్పుడు మూత పెట్టే ఉంచండి.

మొదటి రాత్రి

ఫైండర్‌ను సరిచేసే పని చీకటి పడేదాకా ఆపకండి. సాయంత్రం వెలుగుండగానే, సూర్యుడు లేని వైపు, కనీసం అర కిలోమీటరు దూరంలో ఉన్న స్తంభం కొననో టవర్ కొననో పట్టుకోండి. దగ్గరి వస్తువైతే రెండు గొట్టాల మధ్య ఎడం వల్ల గురి తప్పుతుంది. 25 మి.మీ. ఐపీస్‌తో ఆ కొనను సరిగ్గా నడిమికి తెచ్చి, గొట్టం కదలకుండా ఫైండర్ మరలు మాత్రమే తిప్పుతూ ఎర్రచుక్కను అదే కొన మీద కూర్చోబెట్టండి. తర్వాత 10 మి.మీ. పెట్టి మరోసారి సరిచూడండి. ఐదు నిమిషాల పని, ఇది చేయకపోతే రాత్రంతా వెతుకులాటే.

బొమ్మ తలకిందులుగా ఉందని కంగారుపడొద్దు, న్యూటోనియన్ అలాగే చూపిస్తుంది. రిఫ్రాక్టర్‌కు ఐపీస్ దగ్గర వెలుగును పక్కకు మలిపే ఏటవాలు అద్దం (డయాగొనల్) తగిలిస్తే తల పైకే ఉంటుంది గానీ కుడి ఎడమలు మారతాయి.

రాత్రి మూత తీసేటప్పుడు ఒక చిత్రమైన పొరపాటు జరుగుతుంది. చాలా గొట్టాల పెద్ద మూతలో ఇంకో చిన్న మూత ఉంటుంది. చిన్నది తీసి పెద్దది అలాగే ఉంచేస్తారు. 114 మి.మీ. అద్దం కొని బొటనవేలంత కన్నంలోంచి చూస్తారన్నమాట. పెద్ద మూత మొత్తం తీయాలి. గొట్టాన్ని చూడబోయే వేళకు 20, 30 నిమిషాల ముందు బయట పెట్టండి, లోపలి గాలి బయటి గాలితో సమానం అయ్యేదాకా బొమ్మ అలల కింద గులకరాయిలా వణుకుతుంది. కిటికీ అద్దంలోంచి అస్సలు చూడకూడదు.

మొదట చందమామే. పౌర్ణమి నాడు కాదు, ఆ రోజు నీడలుండవు, అంతా తెల్లటి పళ్లెం. శుక్లపక్షంలో పంచమి నుంచి నవమి దాకా వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి చూడమనండి, గుంటల అంచులు నీడలు పరుచుకుని లేచి కనిపిస్తాయి. భూమి తిరుగుతుంటుంది కాబట్టి దేన్ని పెట్టినా పక్కకు జారుతుంది: మామూలు ప్లోసెల్‌తో 28 రెట్ల దగ్గర ఆ చివరి నుంచి ఈ చివరికి ఏడు నిమిషాలు, 70 రెట్ల దగ్గర మూడు నిమిషాల లోపు. 'పోయింది!' అన్నప్పుడల్లా మీరు సర్దకండి, వాళ్లనే తోయనివ్వండి.

తర్వాత గురుడు. 28 రెట్లకే నాలుగు చంద్రుళ్లు ఒక వరసలో చుక్కల్లా కనిపిస్తాయి, కొన్ని రోజుల్లో ఒకటీ రెండూ గురుడి వెనకో ముందో దాక్కుంటాయి. వరుసగా నాలుగు రాత్రులు కాగితం మీద చుక్కలు పెట్టమంటే అవి చోటు మారుతున్నట్టు పిల్లలే కనిపెడతారు. గ్రహం సైజు గురించి ముందే చెప్పి ఉంచండి: గురుడు మనకు బాగా దగ్గరైనప్పుడు 40 రెట్లకు చూస్తే మామూలు కంటికి చందమామ ఎంతో అంతే. పోస్టర్లలో చూసిన గురుణ్ణి ఊహించుకున్న పిల్లలు 'ఇంతేనా' అనడం సహజం. శని ఉంగరాలు 2025లో మనకు అంచు తిరిగి సన్నటి గీతలా మారాయి, అక్కణ్ణుంచి ఏటా విచ్చుకుంటూ 2032 ప్రాంతానికి పూర్తిగా తెరుచుకుంటాయి. 50 రెట్లు చాలు. కృత్తికలకు అన్నిటికన్నా తక్కువ రెట్ల ఐపీస్ వాడాలి. ఓరియన్ (వేటగాడు) నక్షత్రరాశి నడుము మూడు చుక్కల కింద వేలాడే నెబ్యులా అనే వాయుమేఘం బూడిదరంగు పొగలా కనిపిస్తుంది. రంగులు కెమెరాకే తెలుస్తాయి.

చిన్నపిల్లలు ఐపీస్‌ను గుప్పిట పట్టి లాగుతారు. తిడితే లాభం లేదు, పట్టుకోవడానికి వాళ్ల ముందు ఒక కుర్చీ వీపు పెట్టండి. ఒక కన్ను మూయడం రాని వాళ్లకు రెండో కంటి మీద గుడ్డ ముక్క కట్టండి.

లోపలికి తెచ్చాక లెన్స్ మీద మంచు కనబడితే తుడవకండి. మూత తెరిచి, గొట్టాన్ని కాస్త కిందికి వంచి ఆరనివ్వండి, పూర్తిగా ఆరాకే మూత. తడితో మూసిపెడితే సాలెగూడు లాంటి ఫంగస్ పడుతుంది, గాజు పూతను తినేస్తుంది. ఐపీసులను సిలికా జెల్ పొట్లంతో మూత గట్టిగా పట్టే డబ్బాలో ఉంచండి. అద్దం మీద దుమ్ము పడిందని చీర కొంగుతోనో టీషర్టుతోనో రుద్దొద్దు, దుమ్ముతో అద్దానికి వచ్చే నష్టం ఇంచుమించు ఏమీ లేదు, రుద్దితే పడే గీతలు పోవు. టెలిస్కోప్‌ను విప్పి డబ్బాలో సర్దకుండా, బిగించింది బిగించినట్టే తలుపు పక్కన గుడ్డ కప్పి పెట్టండి, పిల్లలే పట్టుకెళ్లేలా.